ఫాల్ ట్రావెల్‌కి తొలిసారి వెళ్తున్నాను: జార్జియా, టెన్నెసీ, న్యూజెర్సీ. ప్లాన్ ఎలా వేయాలి?

తొలి_టెరిటరీ
నమస్తే అండి. మిడ్‌వెస్ట్‌లో ఓ ప్రైవేటు కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసులో కొత్తగా చేరాను. శరత్కాలంలో హైస్కూళ్ళు, కాలేజీ ఫెయిర్లు (కాలేజీలన్నీ టేబుళ్ళు వేసుకుని పిల్లలతో మాట్లాడే మేళాలు) తిరిగి మా కాలేజీ గురించి చెప్పాలి, దీన్నే ఫాల్ ట్రావెల్ అంటున్నారు. నాకిచ్చిన టెరిటరీ, అంటే తిరగాల్సిన ప్రాంతం, జార్జియా, టెన్నెసీ, న్యూజెర్సీ. ఆగస్టు చివర నుంచి నవంబర్ మొదటి వారం దాకా దాదాపు రోడ్డు మీదే ఉండాలి. ఏ రాష్ట్రం ముందు పెట్టుకోవాలి? రోజుకి ఎన్ని హైస్కూళ్ళు తిరగొచ్చు? బ్రోషర్లు మోసుకెళ్ళాలా, హోటల్‌కి పంపించుకోవాలా? కారు, టోల్, రసీదుల సంగతేంటి? ఈ పని చేస్తున్నవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. ధైర్యం చెప్పేవాళ్ళు ఆఫీసులో చాలామందే ఉన్నారు, లెక్కలు చెప్పేవాళ్ళే లేరు.

బెల్_షెడ్యూల్
వరుస మీ చేతుల్లో లేదండి, బడులు తెరిచే తేదీలే తేలుస్తాయి. జార్జియాలో చాలా జిల్లాలు ఆగస్టు మొదటి వారానికే మొదలైపోతాయి, టెన్నెసీ కూడా ఇంచుమించు అంతే. న్యూజెర్సీ బడులు ఎక్కువగా లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దాటాకే తెరుస్తారు, ఆ తర్వాత రెండు వారాలు అక్కడి కౌన్సెలర్లు (స్కూల్లో పిల్లలకి చదువు, కాలేజీ సలహాలిచ్చేవాళ్ళు) క్లాసుల మార్పుల గొడవలో ఉంటారు. కాబట్టి ముందు జార్జియా, ఆ తర్వాత టెన్నెసీ, సెప్టెంబర్ చివరి నుంచి న్యూజెర్సీ.

న్యూజెర్సీకి టికెట్లు కొనేముందు సెలవులు చూసుకోండి. యూదుల పండుగలు రోష్ హషానా, యోమ్ కిప్పుర్ మన ఉగాదిలాగే ఏటా తేదీ మారుతుంటాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో పడతాయి, ఆ రోజుల్లో చాలా జిల్లాలు మూసేస్తారు. అక్టోబర్ రెండో సోమవారం కొలంబస్ డే. నవంబర్ మొదట్లో ఆ రాష్ట్ర టీచర్ల సంఘం సమావేశం, దానికోసం గురు, శుక్రవారాలు పబ్లిక్ స్కూళ్ళు ఉండవు. ఆ వారం న్యూజెర్సీలో పెట్టుకుంటే సగం జీతం హోటల్ గదిలో కూర్చుని తీసుకున్నట్టే.

జార్జియా, టెన్నెసీలలో ఫాల్ బ్రేక్ అని శరత్కాలపు సెలవులు ఉంటాయి. పక్కపక్క జిల్లాలకే వేర్వేరు తేదీలు. రాష్ట్రం మొత్తానికి ఒక క్యాలెండర్ వెతికితే దొరకదు, జిల్లా వెబ్‌సైటే చూడాలి.

ఇక పీఎస్ఏటీ, అంటే శాట్‌కి ముందు హైస్కూల్ పిల్లలు రాసే సన్నాహక పరీక్ష. 2023లో అది డిజిటల్ అయ్యాక పాత పద్ధతిలో ఫలానా బుధవారం అని లేదు, అక్టోబర్‌లో ఏ రోజు పెట్టుకోవాలో స్కూలే తేల్చుకుంటుంది. కాబట్టి అక్టోబర్ విజిట్ ఖాయం చేసేటప్పుడు "ఆ రోజు పీఎస్ఏటీ ఏమైనా ఉందా?" అని అడగడం మీ పనే. కౌన్సెలర్ ఇచ్చిన స్లాట్ ఏప్రిల్‌లో తెరిచింది, పరీక్ష తేదీ ఆగస్టులో ఖరారైంది, ఆ రెంటినీ కలిపి చూసేవాళ్ళెవరూ ఉండరు.

మైళ్ళలెక్క
రోజుకి నాలుగు. ఐదు వేసుకోమని ఎవరైనా చెబితే వాళ్ళని కారు నడపమనండి.

లెక్క ఇదీ. పార్కింగ్, ఆఫీసులో సంతకం, బ్యాడ్జి కలిపి 15 నిమిషాలు. విజిట్ 30 నుంచి 40. బయటికి రావడానికి 10. తర్వాతి స్కూలుకి నగరంలో 25 నుంచి 30. అంటే ఒక్కో విజిట్ గంటన్నర. పొద్దున 7:45కి మొదలెడితే 2:15కల్లా ఆరున్నర గంటలు, నాలుగు విజిట్లు పోగా మిగిలేది అరగంట. ఆ అరగంటలోనే మీ తిండి, పెట్రోలు, ఒక యాక్సిడెంట్ ట్రాఫిక్ పట్టాలి. ఐదోది కుదిరేది రెండు స్కూళ్ళు పది నిమిషాల దూరంలో ఉంటేనే.

మ్యాప్‌లో ఇప్పుడు కనబడే టైము నమ్మొద్దు. "బయల్దేరే సమయం" మంగళవారం పొద్దున 7 అని పెట్టి చూడండి. అట్లాంటాలో 285 హైవే మీద, ఊళ్ళోకి వెళ్ళే 75/85 కనెక్టర్ మీద ఆ తేడా రెట్టింపు దాకా పోతుంది. ఉదయం జనం ఊళ్ళోకి పోతారు కాబట్టి మీరు బయటికి పోయేలా హోటల్ ఎంచుకోండి: లోపల దిగి, పొద్దున్నే శివారు కౌంటీలకి వెళ్ళి, మధ్యాహ్నానికి వెనక్కి జరుగుతూ రావడం.

ఒక రోజులో ఒకే మూల. "ఇది మంచి స్కూలు, అది కూడా మంచి స్కూలే" అని 40 మైళ్ళ దూరంలో ఉన్న రెంటిని కలిపారా, రోజు పోయినట్టే. కాలేజ్ బోర్డు (శాట్ నడిపే సంస్థ) దేశాన్ని చిన్న ప్రాంతాలుగా విడగొట్టిన జియోమార్కెట్ల విభజన మీ ఆఫీసు సిస్టంలో ఉంటే దాని ప్రకారం ముక్కలు చేసుకోండి, బాగానే పనికొస్తుంది.

తొలి_టెరిటరీ
థాంక్సండి. మరి టైములు? స్కూల్ ఎన్నింటికి మొదలవుతుందో వెబ్‌సైట్‌లో ఉంటుంది కదా, దాన్ని బట్టి నేనే అడగొచ్చా?

బెల్_షెడ్యూల్
అడగొచ్చు, కానీ మొదలయ్యే టైము ఒక్కటే చూస్తే చాలదు. ఒక కౌంటీలో ఏడున్నరలోపే మొదలవుతుంది, పక్క కౌంటీలో ఎనిమిదిన్నరకి. ముందుగా మొదలయ్యే కౌంటీని మొదటి విజిట్‌కి, ఆలస్యంగా వదిలేదాన్ని చివరి విజిట్‌కి వాడుకుంటే రోజు ఓ గంట పెరుగుతుంది. ఎప్పుడైనా కాలిఫోర్నియా ఇస్తే ఈ కిటుకు పారదు. అక్కడ 2022 జులై నుంచి, గ్రామీణ జిల్లాలు తప్ప, పబ్లిక్ హైస్కూళ్ళు 8:30కి ముందు మొదలుపెట్టకూడదని చట్టం.

బ్లాక్ షెడ్యూల్ స్కూళ్ళలో ఏ డే, బీ డే అని ఉంటాయి, రోజు మార్చి రోజు వేర్వేరు క్లాసులు. అదే పదింటికి ఒకరోజు సీనియర్లు (పన్నెండో తరగతివాళ్ళు) ఖాళీగా ఉంటారు, మర్నాడు పరీక్ష రాస్తుంటారు. పెద్ద పబ్లిక్ స్కూళ్ళలో లంచ్ టైము దొరికితే వదలొద్దు, క్లాసు పోగొట్టుకోవాల్సిన పని లేదు కాబట్టి ఎక్కువమంది వస్తారు. శుక్రవారం మధ్యాహ్నాలు హోమ్‌కమింగ్, పెప్ ర్యాలీ లాంటి స్కూల్ ఆటల సంబరాలకి పోతాయి. ఆ పూట ప్రయాణానికి ఉంచుకోండి.

గోదారి_టు_గార్డెన్‌స్టేట్
టెన్నెసీ గురించి ఎవరూ చెప్పలేదు. ఆ రాష్ట్రం రెండు టైమ్ జోన్లలో ఉంది. చాటనూగా, నాక్స్‌విల్ ఈస్టర్న్. నాష్‌విల్, మెంఫిస్ సెంట్రల్. అట్లాంటా నుంచి చాటనూగా మీదుగా నాష్‌విల్ వెళ్తే గంట కలిసొస్తుంది. వెనక్కి వస్తే గంట పోతుంది, పైగా 24 హైవే మీద మాంట్‌ఈగిల్ కొండ ఎక్కే లారీల వెనక మరికొంత. కాబట్టి పడమటికి పోయే రోజు ఒక విజిట్ ఎక్కువ వేయండి, తూర్పుకి వచ్చే రోజు ఒకటి తగ్గించండి.

క్యాలెండర్‌లో పడే తప్పు కూడా ఇక్కడిదే. సెంట్రల్ టైములో ఉన్న ఆఫీసులో కూర్చుని చాటనూగా విజిట్ 9:00 అని టైపు చేస్తే, అక్కడికెళ్ళాక ఫోన్ దాన్ని 10:00గా చూపిస్తుంది. ప్రతి అపాయింట్‌మెంట్‌కీ టైమ్ జోన్ విడిగా ఎంచుకోండి, పైగా పేరులోనే "9:00 ఈస్టర్న్" అని రాసిపెట్టండి.

మైళ్ళలెక్క
స్కూలు గేటు దగ్గర: ఒరిజినల్ డ్రైవింగ్ లైసెన్సు చేతిలో ఉండాలి. చాలా స్కూళ్ళలో రాప్టర్ లాంటి విజిటర్ సిస్టంలో లైసెన్సు స్కాన్ చేసి, ఫోటోతో స్టిక్కర్ ఇస్తారు. ఫోన్‌లో ఫోటో చూపిస్తే ఒప్పుకోరు. మొదట బయట ఇంటర్‌కమ్ దగ్గర "ఫలానా కాలేజీ నుంచి, కౌన్సెలింగ్ ఆఫీసుకి, ఫలానావారితో అపాయింట్‌మెంట్" అని ఒక్క ముక్కలో చెప్పాలి. వెళ్ళేటప్పుడు సైన్ అవుట్ మర్చిపోతే ఫైర్ డ్రిల్ వచ్చినప్పుడు మిమ్మల్ని లోపలే వెతుకుతారు.

చివరి విజిట్‌కి బస్ లేన్‌లో గానీ, దానికి ఆనుకుని ఉన్న వరసలో గానీ కారు పెట్టొద్దు. బడి వదలడానికి ఇరవై నిమిషాల ముందే పసుపు బస్సులు ఒకదాని తోక ఇంకొకటి పట్టుకుని నిలబడతాయి. అవి కదిలేదాకా మీరు కదలలేరు, సాయంత్రం ఫెయిర్ గోవిందా.

అమలాపురం_అబ్బాయి
మధ్యలో దూరుతున్నందుకు సారీ. ఒక్కో స్టూడెంట్‌కి కమిషన్ ఎంత ఇస్తారు అన్నా ఈ జాబ్‌లో?

రసీదులమ్మ
ఏమీ ఇవ్వరు తమ్ముడూ, ఇవ్వకూడదు. ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ తీసుకునే కాలేజీలు ఎంతమందిని చేర్పించావన్న లెక్క మీద జీతం, బోనస్ ఇవ్వడం 1992 నుంచి చట్టరీత్యా నిషేధం. మధ్యలో కొన్ని మినహాయింపులు వచ్చాయి, 2011లో వచ్చిన నిబంధనలతో అవీ పోయాయి. విదేశాల్లో ఉంటూ ఫెడరల్ ఎయిడ్‌కి అర్హత లేని విద్యార్థులకి మాత్రం ఈ నిషేధం వర్తించదు. మన ఊళ్ళలో కన్సల్టెన్సీలకి కమిషన్లు అందుతున్నది ఆ సందులోంచే. ఇక్కడ మాట్లాడుతున్నది నెల జీతం ఉద్యోగం.

తొలి_టెరిటరీ
:) ఇప్పుడు బ్రోషర్ల సంగతి చెప్పండి. మావి 24 పేజీల పుస్తకాలు, మందపాటి కాగితం.

మైళ్ళలెక్క
తూకం వేసుకుందాం. లెటర్ సైజు, 100 పౌండ్ల టెక్స్ట్ కాగితం అయితే చదరపు మీటరుకి 148 గ్రాములు. ఒక్కో కాగితం దాదాపు 9 గ్రాములు. 24 పేజీలంటే 12 కాగితాలు, సుమారు 107 గ్రాములు. 200 పుస్తకాలు 21 కిలోలు దాటాయి. దానికి సూట్‌కేసు బరువు కలిపితే విమానంలో 50 పౌండ్ల హద్దు, అంటే 22.7 కిలోలు, దాటిపోయినట్టే. ఓవర్‌వెయిట్ ఫీజు కట్టేకన్నా ముందే హోటల్‌కి పంపించుకోవడం మేలు.

గోదారి_టు_గార్డెన్‌స్టేట్
హోటల్‌కి పంపడం నాకు అంత నచ్చదు. చాలా హోటళ్ళు పెట్టెకి ఇంత అని హ్యాండ్లింగ్ ఫీజు వేస్తాయి, కొన్ని ముందే వస్తే వెనక్కి పంపేస్తాయి. కొరియర్ కంపెనీ కౌంటర్‌కే, మీ పేరు మీద "వచ్చి తీసుకుంటారు" అని పంపించుకుంటే ఆ గొడవ ఉండదు. కాకపోతే అది తెరిచి ఉండే వేళలు చూసుకోవాలి, ఆదివారం రాత్రి దిగి సోమవారం 7:45కి విజిట్ ఉంటే అది పనికిరాదు. అప్పుడు హోటలే గతి. ఫోన్ చేసి ఫీజెంతో, ఎన్ని రోజులు ఉంచుతారో కనుక్కుని, పెట్టె మీద "అతిథి పేరు, చెక్-ఇన్ తేదీ, 3లో 1" అని పెద్దక్షరాలతో రాయండి. మొదటి రోజుకి సరిపడా 40 పుస్తకాలు మాత్రం సూట్‌కేసులోనే ఉండాలి.

అసలు అన్ని పుస్తకాలెందుకు? స్కూల్ విజిట్‌కి పది చాలు. ఫెయిర్లలో పుస్తకం తీసుకున్న పిల్లలు సగం పక్క టేబుల్ మీదే వదిలేసి పోతారు. ఫెయిర్‌కి క్యూఆర్ కోడున్న పోస్ట్‌కార్డులు 150 పట్టుకెళ్ళి, నిలబడి రెండు ప్రశ్నలు అడిగినవాళ్ళకే పుస్తకం ఇవ్వండి.

బెల్_షెడ్యూల్
ఫెయిర్ టేబుల్ ఆరడుగులదో ఎనిమిదడుగులదో ముందు తెలియదు, కొన్నిచోట్ల సగం టేబులే మీది. అందుకని పూర్తి టేబుల్ గుడ్డ కాదు, నిలువుగా వేలాడే రన్నర్ తీసుకెళ్ళండి, దేనిమీదైనా సరిపోతుంది. నేల మీద నిలబెట్టే బ్యానర్లు చాలా ఫెయిర్లలో ఒప్పుకోరు, రూల్స్ చదవకుండా విమానంలో మోయకండి. కరెంటు ప్లగ్ ఉండదనే అనుకోండి, పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే పెట్టండి (చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు). సాయంత్రం 6 నుంచి 8 అని రాసుంటే 5:30కి టేబుల్ సిద్ధంగా ఉండాలి. 7:40కి సర్దేయడం మొదలుపెడితే నిర్వాహకులు గుర్తుపెట్టుకుంటారు.

జార్జియాలో ప్రోబ్ పేరుతో ఊరూరా జరిగే ఫెయిర్లున్నాయి. పగలు విజిట్లు, సాయంత్రం అదే కౌంటీలో ఫెయిర్ పడేలా చూసుకుంటే డ్రైవింగ్ బాగా తగ్గుతుంది.

స్లేట్_శాస్త్రి
అందరూ కార్లు, పెట్టెల గురించే మాట్లాడుతున్నారు. ఇంత తిరిగి తెచ్చేది పిల్లల వివరాలు, అవి పాడైతే మిగతాదంతా విహారయాత్ర.

ఫెయిర్‌లో బార్‌కోడ్ స్కాన్ చేసే యాప్ ఒక్కో నిర్వాహకుడికి ఒక్కోటి. స్ట్రైవ్‌స్కాన్ ఒకచోట, వేరే యాప్ ఇంకోచోట, మరోచోట కాగితం కార్డులు. ఏ ఫెయిర్‌కి ఏ యాప్ అన్నది క్యాలెండర్ ఎంట్రీలోనే రాసి, హోటల్ వైఫైలో ఉండగానే లాగిన్ అవ్వండి. స్కూల్ జిమ్‌లో సిగ్నల్ ఉండదు. ఆఫ్‌లైన్‌లో చేసిన స్కాన్లు ఫోన్‌లోనే ఉంటాయి, సింక్ అయ్యాయని చూసుకోకుండా లాగ్ అవుట్ చేయొద్దు, యాప్ తీసేయొద్దు.

స్లేట్‌లోకి (అడ్మిషన్స్ ఆఫీసులు వాడే డేటాబేస్) ఎక్కించేటప్పుడు ప్రతి ఫెయిర్‌కీ విడి ఫైలు, విడి సోర్స్. అన్నీ ఒకే షీట్‌లో కలిపేస్తే ఏ ఫెయిర్ పనికొచ్చిందో వచ్చే ఏడు తెలియదు, మళ్ళీ అవే పనికిమాలిన ఫెయిర్లకి వెళ్తారు. స్కూల్ పేరు టైపు చేయకండి, ప్రతి హైస్కూలుకీ గుర్తింపుగా ఉండే ఆరంకెల సీఈఈబీ కోడ్ ఎంచుకోండి. "సెంట్రల్ హైస్కూల్" అని వెతికితే ఎన్ని వస్తాయో చూశారంటే మళ్ళీ పేరు జోలికి పోరు.

ఈమెయిల్ విషయంలో ఒకటి. పిల్లలు స్కూల్ ఈమెయిల్ ఇస్తారు. చాలా జిల్లాలు బయటి మెయిళ్ళని ఆపేస్తాయి, గ్రాడ్యుయేషన్ తర్వాత ఆ అకౌంటే ఉండదు. సొంత ఈమెయిల్ అడగండి. అదే పిల్లవాడు ఫెయిర్‌లో ముద్దుపేరుతో, కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి ఒకే దరఖాస్తు పెట్టే సైటు) అసలు పేరుతో వస్తే రెండు రికార్డులవుతాయి, పుట్టినతేదీ ఉంటేనే అవి కలుస్తాయి.

ఏ రాత్రికారాత్రి ఒక్కో స్కూలు మీద మూడు లైన్లు: ఎంతమంది వచ్చారు, ఏ కోర్సులు అడిగారు, కౌన్సెలర్ ఏమన్నారు. శుక్రవారం కూర్చుని రాద్దామనుకుంటే పదహారు స్కూళ్ళు ఒకే స్కూలైపోతాయి.

తొలి_టెరిటరీ
శాస్త్రి గారూ, విజిట్ బుకింగ్ కూడా అందులోనేనా? మా దగ్గర రెప్‌విజిట్స్ అంటున్నారు.

స్లేట్_శాస్త్రి
బుకింగ్ స్కూల్ చేతిలో ఉంటుంది. నావియన్స్ అనే కాలేజీ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ వాడే స్కూళ్ళు రెప్‌విజిట్స్‌లో స్లాట్లు పెడతాయి, కొన్ని స్కోయర్‌లో, కొన్ని గూగుల్ ఫారంలో. చిన్న పబ్లిక్ స్కూళ్ళకి ఫోనే. పేరున్న ప్రైవేటు స్కూళ్ళ ఫాల్ స్లాట్లు వసంతంలోనే తెరిచి త్వరగా నిండిపోతాయి, ముందు వాటిని పట్టుకుని, మిగతా రోజు వాటి చుట్టూ కట్టాలి. వారం ముందు ఒక మెయిల్, రెండు రోజుల ముందు ఒక ఫోన్. విజిట్‌కి పిల్లలెవరూ పేరు ఇవ్వలేదంటే రద్దు చేసుకోవద్దు, "మీతో పది నిమిషాలు మాట్లాడొచ్చా?" అని కౌన్సెలర్‌నే అడగండి. ఆ పది నిమిషాల్లో ఆ ఊరి పిల్లలు ఎటు పోతున్నారో, ఎందుకు పోతున్నారో తెలుస్తుంది. నిండు గది కంటే అదే ఒక్కోసారి ఎక్కువ పనికొస్తుంది.

బెల్_షెడ్యూల్
ఆ మాట మీద ఇంకోటి. జార్జియాలో ప్రతి గదిలోనూ వచ్చే ప్రశ్న హోప్ స్కాలర్‌షిప్. 1993 నుంచి లాటరీ డబ్బుతో నడుస్తోంది, 3.0 జీపీఏ ఉంటే హోప్, 3.7తో పాటు తగిన టెస్ట్ స్కోరు ఉంటే జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్. రాష్ట్రంలోని కాలేజీలకే చెల్లుతుంది. టెన్నెసీకి తన హోప్ ఉంది, పైగా 2015 బ్యాచ్ నుంచి కమ్యూనిటీ కాలేజీ ఫీజుకి సాయం చేసే టెన్నెసీ ప్రామిస్. "మా క్యాంపస్ చాలా అందంగా ఉంటుంది" అనేది వీటికి జవాబు కాదు. మీ మెరిట్ స్కాలర్‌షిప్ పోను ఇంటివాళ్ళు కట్టేది ఎంతో అంకెతో చెప్పగలగాలి. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు నుంచి మూడు నమూనా లెక్కలు రాయించుకుని వెళ్ళండి.

గోదారి_టు_గార్డెన్‌స్టేట్
కారు: బుకింగ్ కాలేజీ కాంట్రాక్ట్ కోడ్‌తోనే చేయండి. మీకు 25 నిండకపోతే అద్దె కంపెనీలు రోజువారీ అదనపు ఫీజు వేస్తాయి, చాలా కాంట్రాక్టుల్లో అది ఉండదు. ఇన్సూరెన్స్ కూడా ఆ కోడ్‌తోనే ముడిపడి ఉండొచ్చు, ట్రావెల్ ఆఫీసును అడగండి. తీసుకునేటప్పుడు నాలుగు వైపులా, చక్రాలు, పెట్రోలు ముల్లు ఫోటోలు.

టోల్: న్యూజెర్సీలో టర్న్‌పైక్, గార్డెన్ స్టేట్ పార్క్‌వే రెండూ తప్పవు. కారు అద్దానికి ఉన్న కంపెనీ పెట్టెను తెరిస్తే టోల్‌తో పాటు వాళ్ళ రోజువారీ ఫీజు మొదలవుతుంది. ఆఫీసులో ఈ-జీపాస్ (టోల్ ట్యాగ్) ఉంటే తీసుకెళ్ళి, ఆ కారు నంబరు అకౌంట్‌లో తేదీలతో చేర్చి, కంపెనీ పెట్టెను మూసే ఉంచండి. కారు ఇచ్చేశాక నంబరు తీసేయండి, లేకపోతే తర్వాతి అద్దెదారు టోలు కూడా మీ ఖాతాలోనే పడుతుంది.

అక్కడ ఎడమకి తిరగాలంటే చాలా కూడళ్ళలో కుడి పక్క దారిలోకి వెళ్ళి చుట్టి రావాలి, జగ్‌హ్యాండిల్ అంటారు. ఎడమ లేన్‌లో నిలబడితే తిరగనివ్వరు. పెట్రోలు మీరు పట్టుకోకూడదు, బంకు మనిషే పట్టాలి. నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో కారు ఇచ్చేముందు ఆ క్యూకి 15 నిమిషాలు వేరే ఉంచుకోండి.

రసీదులమ్మ
డబ్బు సంగతి. మీ కాలేజీ అసలు బిల్లులు అడుగుతుందా, పర్ డియం (రోజుకింత అని) ఇస్తుందా ముందు కనుక్కోండి. చాలాచోట్ల జీఎస్ఏ అనే ఫెడరల్ ప్రభుత్వ సంస్థ రేట్లే వాడతారు. 2025 ఆర్థిక సంవత్సరానికి తిండి, చిల్లర ఖర్చుల ప్రామాణిక రేటు రోజుకి 68 డాలర్లు ఉండేది, పెద్ద నగరాలకి ఎక్కువ. బయల్దేరిన రోజు, తిరిగొచ్చే రోజు 75 శాతమే, అంటే 51. రేట్లు మారితే అక్టోబర్ 1నే మారతాయి, సరిగ్గా మీ ట్రిప్పుల మధ్యలో. మారిన ఏడు సెప్టెంబర్, అక్టోబర్ ఒకే రేటుతో వేస్తే క్లెయిము తిరిగొస్తుంది. ఫెయిర్ వాళ్ళు భోజనం పెడితే ఆ పూట తీసేయాలి.

ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) లెక్క ప్రకారం 75 డాలర్ల లోపు ఖర్చుకి రసీదు తప్పనిసరి కాదు, హోటల్‌కి మాత్రం ఎంతైనా కావాలి. కానీ మీ కాలేజీ రూలు ఇంకా కఠినంగా ఉండొచ్చు. హోటల్ నుంచి రోజువారీ విడివిడిగా ఉన్న బిల్లు తీసుకోండి, కార్డు స్లిప్పు చాలదు. ఖర్చు పెట్టిన 60 రోజుల్లోపు లెక్క అప్పజెప్పాలి. అది దాటితే ఆ డబ్బు మీ ఆదాయంగా లెక్కకొచ్చే ప్రమాదం ఉంది. ఆగస్టు ట్రిప్ లెక్కలు నవంబర్‌లో చేస్తామనుకునేవాళ్ళకే ఇది తగులుతుంది. సొంత కారు వాడితే 2025లో ఐఆర్ఎస్ రేటు మైలుకి 70 సెంట్లు ఉండేది. ఓడోమీటర్ అంకె, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎందుకు, మూడూ రాయాలి.

మీ పోస్టు ఓవర్‌టైమ్ వర్తించేదో కాదో హెచ్ఆర్‌ని అడగండి. వర్తించేదైతే, రాత్రి బయట ఉండే ట్రిప్పుల్లో మీ మామూలు పని వేళల్లో పడే ప్రయాణం ఆదివారమైనా పని గంటల కిందికే వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం విమానం ఎక్కే ఉద్యోగంలో ఇది చిన్న మొత్తం కాదు.

తొలి_టెరిటరీ
ఆదివారం సంగతి ఆఫీసులో ఎవరూ చెప్పలేదు, రేపే అడుగుతాను. చివరి ప్రశ్న: నవంబర్ మొదటి వారం న్యూజెర్సీలో పెట్టమని మా బాస్ అన్నారు. టీచర్ల సమావేశం చూశాక భయమేస్తోంది.

మైళ్ళలెక్క
పెట్టకండి. సమావేశం లేకపోయినా వద్దు. నవంబర్ 1 చాలా కాలేజీల ముందస్తు దరఖాస్తులకి డెడ్‌లైన్, ఆ రోజు నుంచి సీనియర్లు మీ మాట వినరు, కౌన్సెలర్లు ట్రాన్స్‌క్రిప్టులు పంపే హడావిడిలో ఉంటారు. మీరు దరఖాస్తులు చదవడం కూడా అప్పుడే మొదలు. న్యూజెర్సీని సెప్టెంబర్ చివరి వారం, అక్టోబర్ మూడో వారంగా విడగొట్టండి. బాస్ ఒప్పుకోకపోతే ఆ వారం సోమ, మంగళ, బుధ మాత్రమే ఇచ్చి, మంగళవారం ఎన్నికలకి బడులు పోలింగ్ కేంద్రాలవుతాయేమో జిల్లా క్యాలెండర్‌లో చూపించండి. మూడు రోజుల్లో ఒకటి అక్కడే పోతుంది.

బెల్_షెడ్యూల్
ప్రైవేటు, క్యాథలిక్ స్కూళ్ళు ఆ గురు, శుక్రవారాల్లో తెరిచి ఉండొచ్చు, అవి విడిగా చూడండి. ఆ రెండు రోజులకే రెప్‌విజిట్స్‌లో నాలుగు స్లాట్లు దొరికితే వెళ్ళండి, దొరక్కపోతే టికెట్ కొనకండి.